స్ప్రింగు గట్టిదనం: వేలితో కాదు, కొలతతో తేల్చుకుందాం

(సోలాపూర్ కార్మికుల సాంకేతిక తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ స్ప్రింగుల గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు అడిగారు. స్ప్రింగు గురించి చెప్పడానికి ఏముంది, లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ మన షెడ్డుల్లో జరిగే తగాదాలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుడ్డలో దోషం వస్తుంది. "స్ప్రింగు మెత్తబడింది సార్, మార్చండి" అని కార్మికుడు అంటాడు. "స్ప్రింగు బాగానే ఉంది, లోపం నీ పనిలోనే ఉంది" అని సూపర్‌వైజర్ అంటాడు. జాబర్ వచ్చి వేలితో నొక్కి చూసి ఏదో ఒకటి తేల్చేస్తాడు. ఒకరి వేలికి మెత్తగా ఉన్నది ఇంకొకరి వేలికి గట్టిగా ఉంటుంది. చివరకు ఎవరి మాట పెద్దదైతే వాళ్ళదే నెగ్గుతుంది.

ఈ తగాదా తేలడానికి పెద్ద ల్యాబొరేటరీ అక్కరలేదు. ఒక కొక్కెం, నాలుగు తూకపు రాళ్ళు, ఒక స్టీలు స్కేలు ఉంటే చాలు. స్ప్రింగు గట్టిదనం అంటే ఏమిటి, దాన్ని మన చేతులతో మనమే ఎలా కొలవాలి, వచ్చిన అంకెను ఎలా వాడుకోవాలి, ఈ మూడు విషయాలు ఇవాళ చెప్పుకుందాం.

షెడ్డులో స్ప్రింగులు చేసే పని

ముందు స్పిన్నింగు వైపు చూద్దాం. రింగ్ ఫ్రేములో పై రోలర్లను కింది రోలర్ల మీద అదిమి పట్టేది టాప్ ఆర్మ్. గాలి ఒత్తిడితో నడిచే ఆర్మ్‌లు కొన్ని ఉన్నాయి. మిగతావాటిలో ఆ పని చేసేది లోపలి స్ప్రింగులే. ఆ ఒత్తిడి తగ్గితే రోలర్ల మధ్య పోగులు జారిపోతాయి. నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. ఒక ఆర్మ్ కింద రెండు స్పిండిళ్ళు నడుస్తాయి. కాబట్టి పక్కపక్కనే ఉన్న ఆ రెండు స్పిండిళ్ళ మీదనే నూలు చెడుతూ, మిగతావి బాగా నడుస్తూ ఉంటే, సైడర్ అక్కను తప్పు పట్టే ముందు ఆ ఆర్మ్‌ను చూడాలి.

ఇక మగ్గం దగ్గరకు వద్దాం. షటిల్‌ను కొట్టిన పికింగ్ స్టిక్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు. షటిల్ పెట్టెలో స్వెల్‌ను అదిమి పట్టి, పరుగెత్తి వచ్చిన షటిల్‌ను ఆపేది స్ప్రింగు. ఆ బలం తగ్గితే షటిల్ పెట్టెలోకి వచ్చి ఎదురు తన్నుతుంది. తర్వాతి దెబ్బకు దానికి సరైన వేగం అందదు. బలం మరీ ఎక్కువైతే షటిల్ పెట్టె లోపలిదాకా చేరదు, పెట్టె గోడలు, షటిల్ పక్కలు త్వరగా అరుగుతాయి. డాబీలో పైకి లేచిన హీల్డు ఫ్రేములను కిందికి దించేవి కూడా చాలాచోట్ల స్ప్రింగులే.

మన సోలాపూర్ చద్దరు నేసే జకార్డు సంగతి మీకు తెలిసిందే. అట్టల మీద నడిచే జకార్డులో ప్రతి సూదికీ వెనక ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. అట్ట నెట్టిన సూదిని తిరిగి తన చోటికి తెచ్చేది అదే. ఆ స్ప్రింగు నీరసిస్తే సూది వెనకే ఉండిపోతుంది. దాని హుక్కు కత్తికి అందదు. లేవాల్సిన పోగు లేవదు. డిజైనులో అదే పోగు దగ్గర మళ్ళీ మళ్ళీ తప్పు పడుతుంది. ఇది నేసేవాడి చేతిలో ఉన్న తప్పు కాదు.

ఆ జకార్డులోనే ఇంకో విషయం గమనించండి. పాత యంత్రాల్లో హార్నెస్ దారాలకు కింద సన్నటి ఇనుప కడ్డీల బరువులు వేలాడేవి. వేగంగా నడిచే యంత్రాల్లో వాటి స్థానంలో స్ప్రింగులు వచ్చాయి. బరువుకూ స్ప్రింగుకూ తేడా ఏమిటి? బరువు ఎంత ఎత్తుకు లేపినా ఒకే బలంతో కిందికి లాగుతుంది. స్ప్రింగు అలా కాదు. సాగినకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది. ఎంత సాగితే ఎంత పెరుగుతుంది అన్నదే గట్టిదనం. ఇవాళ్టి పాఠం అంతా ఈ ఒక్క వాక్యం మీదనే నడుస్తుంది.

రేటు అంటే ధర కాదు

మన ఇళ్ళలో తెలుగు, షెడ్డులో మరాఠీ, హిందీ, యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు. ఆ పుస్తకంలో స్ప్రింగుల పట్టిక దగ్గర "స్ప్రింగ్ రేట్" అని ఒక గడి ఉంటుంది. అది కొన్న ధర కాదు. స్ప్రింగు ఒక మిల్లీమీటరు సాగడానికి లేదా నొక్కుకుపోవడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకె. దాన్నే మనం గట్టిదనం అంటున్నాం. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో బలస్థిరాంకం అని ఉంటుంది.

ఈ నియమాన్ని పట్టుకున్నవాడు ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. గడియారాల స్ప్రింగుల మీద పనిచేసేటప్పుడు ఇంకెవరైనా తన ఆలోచనను ఎత్తుకుపోతారేమోనని 1676లో ఆయన దాన్ని అక్షరాలు తారుమారు చేసి, పొడుపు కథలాగా అచ్చువేశాడు. రెండేళ్ళ తర్వాత 1678లో అసలు మాట బయటపెట్టాడు. దాని సారం ఇది: బలం రెట్టింపైతే సాగుడు రెట్టింపవుతుంది, బలం మూడింతలైతే సాగుడూ మూడింతలవుతుంది. స్ప్రింగును దాని హద్దు దాటి లాగనంతవరకు ఈ నియమం నిలుస్తుంది.

కొలమానం గురించి ఒక మాట. మన కాటా కిలోలు చూపిస్తుంది. పుస్తకంలో న్యూటన్లు ఉంటాయి. ఒక కిలో బరువు లాగే బలం దాదాపు 9.8 న్యూటన్లు. మిల్లీమీటరుకు పావుకిలో గట్టిదనం ఉన్న స్ప్రింగు పుస్తకంలో మిల్లీమీటరుకు 2.45 న్యూటన్లు అని కనిపిస్తుంది. ఈ లెక్క తెలియక కిలోల అంకెను న్యూటన్ల అంకెతో పోల్చితే పదింతల తేడా వస్తుంది. ఏ అంకె పక్కన ఏ కొలమానం ఉందో రాసి తీరాలి.

లాగుడు స్ప్రింగును కొలిచే పద్ధతి

రెండు కొసలా కొక్కేలున్న స్ప్రింగును తీసుకోండి. దూలానికో, గట్టి స్టాండుకో ఒక కొసను తగిలించండి. రెండో కొసకు బరువు వేలాడదీయాలి. తూకపు రాళ్ళు లేకపోతే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి వాడుకోవచ్చు. లీటరు నీరు కిలో తూగుతుంది, డబ్బా బరువును విడిగా కలుపుకోవాలి. చేతి కాటాతో లాగి చూడడం కూడా ఒక పద్ధతే. అయితే ఆ కాటాలో ఉన్నదీ ఒక స్ప్రింగే అని మరవద్దు. ముద్ర పడిన తూకపు రాయితో ముందు దాన్ని పరీక్షించి వాడండి.

ఒక్కో కిలో పెంచుతూ, ప్రతిసారీ ఊగడం ఆగిన తర్వాత, రెండు కొక్కేల లోపలి అంచుల మధ్య దూరం కొలిచి రాయండి. ఒక ఉదాహరణ చెబుతాను. బరువు లేనప్పుడు పొడవు 120 మిల్లీమీటర్లు. ఒక కిలో వేస్తే మళ్ళీ 120. రెండు కిలోలకు 122. మూడుకు 126. నాలుగుకు 130. అయిదుకు 134.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. కిలో బరువు వేసినా స్ప్రింగు ఎందుకు సాగలేదు? లాగుడు స్ప్రింగును చుట్టేటప్పుడే చుట్లు ఒకదాన్నొకటి అదుముకునేలా బిగించి చుడతారు. ఆ బిగింపును మించిన బలం పడితేగానీ చుట్లు విడవవు. దాన్ని మొదటి బిగింపు అందాం. కాబట్టి అయిదు కిలోలను 14 మిల్లీమీటర్ల మొత్తం సాగుడుతో భాగిస్తే తప్పు అంకె వస్తుంది. చుట్లు విడిచిన తర్వాత వచ్చిన రెండు కొలతల తేడాలు తీసుకోవాలి. మూడు కిలోల దగ్గర 126, అయిదు కిలోల దగ్గర 134. బలంలో తేడా 2 కిలోలు, పొడవులో తేడా 8 మిల్లీమీటర్లు. రెండును ఎనిమిదితో భాగిస్తే 0.25. అంటే గట్టిదనం మిల్లీమీటరుకు పావుకిలో.

మొదటి బిగింపు ఎంతో కూడా ఇందులోనే తెలుస్తుంది. రెండు కిలోలకు రెండు మిల్లీమీటర్లు సాగింది. ఆ రెండు మిల్లీమీటర్లకు అయిన ఖర్చు అరకిలో. మిగిలిన కిలోన్నర మొదటి బిగింపు. ఇక ఈ స్ప్రింగు ఏ పొడవు దగ్గర ఎంత లాగుతుందో కాగితం మీదనే చెప్పవచ్చు. సాగిన మిల్లీమీటర్లను పావుకిలోతో గుణించి, కిలోన్నర కలపడమే.

బరువులు పెంచుతూ కొలిచినట్టే, ఒక్కొక్కటీ దించుతూ మళ్ళీ కొలవండి. పొడవులు అవే రావాలి. బరువులన్నీ తీసేశాక 120కి బదులు 123 దగ్గర నిలబడితే స్ప్రింగు హద్దు దాటిందని అర్థం. అది ఇక మగ్గానికి పనికిరాదు.

నొక్కుడు స్ప్రింగును కొలిచే పద్ధతి

టాప్ ఆర్మ్‌లో, బ్రేకులో ఉండేవి నొక్కుడు స్ప్రింగులు. వీటిని బరువులతో కొలవడం కష్టం, పక్కకు వంగిపోతాయి. వర్క్‌షాపులో డ్రిల్లింగ్ మిషన్ ఉంటుంది. దాని మెయిన్ స్విచ్ ఆపేసి, బల్ల మీద ఒక కాటా పెట్టండి. కాటా మీద ఒక మందపాటి పలక, దాని మీద స్ప్రింగు. స్ప్రింగు లోపల వదులుగా పట్టే ఒక చిన్న కడ్డీని నిలబెడితే అది వంగకుండా ఉంటుంది. ఆ కడ్డీ మీరు నొక్కబోయే పొడవు కంటే పొట్టిగా ఉండాలి, లేకపోతే బలం కడ్డీ మీద పడుతుంది. డ్రిల్లు చక్‌లో చదునైన కొస ఉన్న కడ్డీ బిగించి, పిడి తిప్పి మెల్లగా నొక్కండి. స్ప్రింగు ఎత్తును వెర్నియర్ కాలిపర్‌తో నేరుగా కొలవండి. పిడి ఎంత తిరిగిందో చూసి లెక్కకడితే పొరపాటు వస్తుంది. ఎందుకంటే నొక్కినప్పుడు కాటా పలక కూడా కొంత దిగుతుంది. కాటా చూపిన కిలోలు, కాలిపర్ చూపిన ఎత్తు, రెండూ జంటగా రాసుకోండి.

నొక్కుడు స్ప్రింగులో మొదటి కొంత, చివరి కొంత నమ్మదగినవి కావు. మొదట్లో కొసల చుట్లు సరిగ్గా కూర్చోవు. చివర్లో చుట్లు ఒకదానికొకటి తగిలి బలం ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి పూర్తిగా మూసుకోవడానికి ఎంత దూరం నొక్కాలో చూసి, అందులో నూటికి 20 నుంచి 80 వంతుల మధ్యనే కొలతలు తీసుకోవాలి. స్ప్రింగు తయారీదారులు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు.

గట్టిదనం దేని మీద ఆధారపడుతుంది

స్ప్రింగు గట్టిదనాన్ని తేల్చేవి నాలుగు. తీగ ఏ లోహంతో చేసింది, తీగ ఎంత మందం, చుట్ట ఎంత వెడల్పు, పనిచేసే చుట్లు ఎన్ని. ఇందులో తీగ మందం ప్రభావం అన్నిటికంటే ఎక్కువ. మందాన్ని నాలుగుసార్లు గుణించినంతగా గట్టిదనం పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల తీగ బదులు 2.2 మిల్లీమీటర్ల తీగతో అదే స్ప్రింగు చుట్టించారనుకోండి. కంటికి తేడా కనిపించదు. గట్టిదనం మాత్రం నూటికి 46 వంతులు పెరుగుతుంది. అదే తీగ తుప్పుపట్టి, రాపిడికి అరిగి, పొడవునా 1.9కి వచ్చిందంటే గట్టిదనం నూటికి 18 వంతులకు పైగా పడిపోతుంది. బజారులో "అలాంటిదే ఉంది" అని ఇచ్చే స్ప్రింగును కాలిపర్ పెట్టకుండా తీసుకోవద్దని చెప్పేది ఇందుకే.

చుట్ట వెడల్పు పెరిగితే స్ప్రింగు మెత్తబడుతుంది. వెడల్పు రెట్టింపైతే గట్టిదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్లు ఎక్కువైనా మెత్తబడుతుంది. చుట్లు సగమైతే గట్టిదనం రెట్టింపు.

ఇప్పుడు మన షెడ్డుల్లో తరచుగా చేసే ఒక పని గురించి చెప్పాలి. స్ప్రింగు వదులైందని అనగానే కటింగ్ ప్లయరుతో నాలుగు చుట్లు కత్తిరించి, కొసను వంచి కొక్కెం చేసి మళ్ళీ తగిలిస్తారు. పని నడిచినట్టే కనిపిస్తుంది. ఏం జరుగుతుందో లెక్క చూద్దాం. ఇందాకటి స్ప్రింగులో రెండు మిల్లీమీటర్ల తీగతో 40 చుట్లు ఉన్నాయనుకోండి. యంత్రంలో కొక్కేల మధ్య దూరం 134 మిల్లీమీటర్లు. అక్కడ అది అయిదు కిలోలు లాగుతోంది. నాలుగు చుట్లు తీసేస్తే విడి పొడవు ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గి 112 అవుతుంది. మిగిలిన 36 చుట్ల గట్టిదనం 0.25 నుంచి 0.278కి పెరుగుతుంది. యంత్రంలో దూరం మారలేదు, కాబట్టి ఇప్పుడు 14కు బదులు 22 మిల్లీమీటర్లు సాగాలి. 22ను 0.278తో గుణించి కిలోన్నర కలపండి. దాదాపు 7.6 కిలోలు. పదోవంతు చుట్లు తీస్తే లాగుడు సగానికి సగం పెరిగింది. తీగ మీద పడే శ్రమ కూడా అంతే పెరిగింది. ఆ స్ప్రింగు ఇక ఎక్కువ రోజులు బతకదు. అది తెగినప్పుడు పక్కన ఉండేది మనమే.

స్ప్రింగు ముసలిదవుతుందా

"పాత స్ప్రింగు, మెత్తబడింది" అని అందరం అంటాం. ఈ మాటలో సగం నిజం, సగం పొరపాటు ఉంది. ఉక్కు తీగ ఏళ్ళు గడిచినంత మాత్రాన మెత్తబడదు. తీగ అరగకపోతే, తుప్పు తినకపోతే దాని గట్టిదనం దాదాపు కొత్తలో ఉన్నంతే ఉంటుంది. షెడ్డు వేడి 20 డిగ్రీలు పెరిగినా నూటికి ఒక వంతు కూడా మారదు. మారేది విడి పొడవు. ఏళ్ళ తరబడి నొక్కి ఉంచిన స్ప్రింగు కొంచెం పొట్టిదై అలాగే ఉండిపోతుంది. లాగి ఉంచినది కొంచెం పొడుగై ఉండిపోతుంది. దీన్ని ఫిట్టర్లు "సెట్ అయింది" అంటారు.

ఒక నొక్కుడు స్ప్రింగు విడి పొడవు కొత్తలో 60 మిల్లీమీటర్లు, గట్టిదనం మిల్లీమీటరుకు కిలో అనుకుందాం. యంత్రంలో అది 45 మిల్లీమీటర్లకు నొక్కుకుని ఉంటుంది. 15 మిల్లీమీటర్లు నొక్కుకుంది కాబట్టి 15 కిలోల ఒత్తిడి ఇస్తుంది. కొన్నేళ్ళకు విడి పొడవు 57కి దిగింది. గట్టిదనం కొలిస్తే మళ్ళీ మిల్లీమీటరుకు కిలోయే వస్తుంది. "చూశావా, స్ప్రింగు బాగానే ఉంది" అని ఎవరైనా అనవచ్చు. కానీ యంత్రంలో అది ఇప్పుడు నొక్కుకునేది 12 మిల్లీమీటర్లే. రోలరు మీద పడేది 12 కిలోలే. అయిదో వంతు ఒత్తిడి పోయింది.

కాబట్టి మిత్రులారా, ఈ తేడాను గట్టిగా పట్టుకోండి. గట్టిదనం వేరు, పనిచేసే చోట దొరికే బలం వేరు. మొదటిది మిల్లీమీటరుకు ఎంత అని చెబుతుంది. రెండోది రోలరు మీద, షటిల్ మీద ఇప్పుడు నిజంగా ఎంత పడుతోందో చెబుతుంది. తగాదా తేలాలంటే రెండూ కొలవాలి. గట్టిదనం మారలేదు కానీ బలం తగ్గిందంటే స్ప్రింగు సెట్ అయింది, లేదా యంత్రంలో దూరం మారింది. గట్టిదనమే మారిందంటే తీగ అరిగింది, లేదా చుట్లు కత్తిరించారు, లేదా వేరే స్ప్రింగు వేశారు. ఏ జబ్బో తెలిస్తేనే మందు తెలుస్తుంది.

ఇక తెగిపోవడం గురించి. నిమిషానికి 150 పిక్కుల మీద నడిచే మామూలు మగ్గం తీసుకోండి. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 72,000 పిక్కులు. ఒక్కో వైపు పికింగ్ స్టిక్ రెండు పిక్కులకు ఒకసారి కొడుతుంది. అంటే ఒక షిఫ్టులో ఒక్కో స్ప్రింగు 36,000 సార్లు సాగి ముడుచుకుంటుంది. నెలకు 26 షిఫ్టులైతే తొమ్మిది లక్షల 36 వేల సార్లు. ఇన్నిసార్లు సాగిన తీగ ఎక్కడో చిన్న గీత దగ్గర, తుప్పు మచ్చ దగ్గర, కొక్కెం వంపు దగ్గర పగులు పట్టి ఒకరోజు తెగుతుంది. ఆ సమయానికి మగ్గం మీద ఎవరున్నారన్నది కేవలం షిఫ్టు వంతు.

కొలిచిన అంకెను వాడుకోవడం

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఒక్కో స్ప్రింగుకు ఒక వరుస. యంత్రం నంబరు, స్ప్రింగు ఉన్న చోటు, తీగ మందం, చుట్ల సంఖ్య, విడి పొడవు, యంత్రంలో పొడవు, ఆ పొడవు దగ్గర బలం, గట్టిదనం, కొలిచిన తేదీ. కొత్త స్ప్రింగు వేసిన రోజునే కొలిచి రాస్తే తర్వాత పోల్చడానికి ఆధారం ఉంటుంది. పుస్తకంలో అంకె దొరకకపోతే, అదే వరుసలో బాగా నడుస్తున్న నాలుగు యంత్రాల స్ప్రింగులను కొలిచి వాటితో పోల్చండి. కొలిచేటప్పుడు జాబర్‌నో, ఫిట్టర్‌నో పక్కన ఉంచుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. ఎవరూ చూడని కొలతకు విలువ తక్కువ.

జీతంలో కోత విషయానికొస్తే, చట్టంలో ఒక మాట ఉంది. పని అప్పగించిన సరుకుకు నష్టం జరిగిందని కోత వేయాలంటే ఆ నష్టం కార్మికుడి నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి. కోత ఆ నష్టం మొత్తాన్ని మించకూడదు. కోతకు ముందు కార్మికుడికి తన కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలో ఈ నియమం ఉండేది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల స్మృతిలోనూ ఇది ఉంది. అయితే ఆ అవకాశం వచ్చిన రోజున మనం చెప్పేదేమిటి? "స్ప్రింగు మెత్తగా ఉంది సార్" అంటే అది మాట. "ఈ ఆర్మ్‌లో 15 కిలోలు ఉండాలి, 12 ఉన్నాయి, ఫలానా తేదీన ఫిట్టరు ముందు కొలిచాం, పక్క నాలుగు ఆర్మ్‌ల అంకెలు ఇవీ" అంటే అది ఆధారం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొలత మన పక్షమే వహిస్తుందని ముందే అనుకోవద్దు. స్ప్రింగు సరిగ్గానే ఉందని తేలవచ్చు. గుడ్డ చెడడానికి గంజి సరిగ్గా పట్టకపోవడం, షెడ్డులో తేమ తగ్గడం, షటిల్ అరగడం, నూలు నాసిరకం కావడం లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. స్ప్రింగు బాగుందని తేలితే ఒప్పుకుని తర్వాతి కారణం వెతకాలి. అనుకూలంగా వచ్చిన అంకెలే రాసే పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. అన్నీ రాసే పుస్తకాన్ని యజమాని కూడా కాదనలేడు.

ప్రాణం ముందు, కొలత తర్వాత

చివరగా జాగ్రత్తలు. నడుస్తున్న యంత్రంలో స్ప్రింగు మీద చెయ్యి వేయవద్దు. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి, ఆ ఫ్యూజు మీ దగ్గరే పెట్టుకోండి. నొక్కి ఉన్న స్ప్రింగులో శక్తి దాగి ఉంటుంది. రెండింతలు నొక్కితే దాగే శక్తి నాలుగింతలవుతుంది. ఇందాక చెప్పిన 15 కిలోల చిన్న స్ప్రింగు చటుక్కున వదులైతే, కిలో రాయి పదకొండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత శక్తి బయటికొస్తుంది. ఆ శక్తంతా చిన్న తీగ ముక్కతో ఎగిరి వస్తే కన్ను పోతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. స్ప్రింగు సూటిలో ముఖం పెట్టవద్దు. లాగుడు స్ప్రింగును కొలిచేటప్పుడు దాని రెండు కొక్కేల గుండా ఒక వదులు తాడు కట్టి ఉంచితే, తెగినా ఎగిరిపడదు. వేలాడే బరువు కింద కాలు పెట్టవద్దు.

వచ్చే ఆదివారం తరగతికి మీలో ప్రతి ఒక్కరూ మీ ఖాతా నుంచి తీసి పక్కన పడేసిన ఒక పాత స్ప్రింగు, వీలైతే అదే రకం కొత్తది ఒకటి, అడిగి తీసుకురండి. యూనియన్ ఆఫీసులో కాటా, స్కేలు, రాళ్ళు సిద్ధంగా ఉంటాయి. ఇద్దరిద్దరు జంటగా కూర్చుని కొలుద్దాం. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఆ తర్వాత చోటు మార్చుకోవాలి. చదువు రానివారు వెనకాడవద్దు. స్కేలు మీద గీతలు లెక్కపెట్టగలిగితే చాలు, రాసే పని పక్కవారు చూసుకుంటారు. వైండింగు ఖాతా అక్కచెల్లెళ్ళు కూడా తప్పక రావాలి. మీ యంత్రాల్లో నూలు బిగువును పట్టి ఉంచే చిన్న స్ప్రింగులను కూడా ఆ రోజే కొలుద్దాం.

 ఇక మీ సందేహాలు అడగండి.